డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్: మన మెట్ట సీమలో ముప్పది యేడు సంవత్సరములు



ఈ శతవార్షిక సంచికకు ఒక సేవకుని జీవితమును గూర్చి వ్రాయుమని సంపాదక వర్గము వారు నన్ను కోరారు. మన బిషప్పులను గూర్చి, తొలి గురువులను గూర్చి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఒక వైద్యురాలిని ఎంచుకున్నాను. ఆమె మన డయోసీసునకు చెందిన వ్యక్తి కారు. మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ పంపగా వచ్చినవారు. అయినా ఆమె పని చేసిన నాగర్‌కర్నూలు, దేవరకొండ మన పాలమూరు, నల్లగొండ ఊళ్ళే. జ్వరమునకు సంఘముల సరిహద్దులు తెలియవు గదా!

ఆమెనే ఎంచుకొనుటకు మరొక కారణమున్నది. ఈ రోజుల్లో చలికాలము వచ్చినదంటే విదేశముల నుండి వైద్య విద్యార్థులు, నర్సులు, డాక్టర్లు రెండు మూడు వారముల సేవకని మన ప్రాంతమునకు వస్తున్నారు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు డాక్టర్లు సైతము సెలవులకు వచ్చి స్వగ్రామములలో ఉచిత వైద్య శిబిరములు నడుపుతున్నారు. వీరందరు దిగేది 2008లో ప్రారంభమైన షంషాబాదు విమానాశ్రయములోనే. ఆ షంషాబాదులోనే, విమానముల ఊసు లేని కాలములో, కాన్సాసు నుండి వచ్చిన ఒక డాక్టరమ్మ తన చివరి సంవత్సరములు గడిపి కన్ను మూశారని వారిలో ఎందరికి తెలుసు? మూడు వారములకు వచ్చేవారు ఏమి చేయగలరు, ఏమి చేయలేరు అన్న ప్రశ్న మన సంఘ కమిటీలలో తరచుగా వస్తున్నది. ముప్పది యేడు సంవత్సరములు ఉండిపోయిన ఈమె జీవితము తెలిస్తే ఆ ప్రశ్నకు కొంత వెలుగు దొరుకుతుందని నా తలంపు.

కాథరీనా 1870లో దక్షిణ రష్యాలోని మొలోచ్నా అను మెన్నొనైట్ వలస ప్రాంతములో జన్మించారు. అది ఈనాటి యుక్రెయిన్ దేశములో ఉన్నది. మెన్నొనైట్లు ఆయుధము పట్టని క్రైస్తవులు. యుద్ధమునకు పిలువబోమన్న మాట మీద వారి పూర్వికులు రష్యాకు వచ్చి బీడు భూములను సాగుచేసి గోధుమ పండించారు. 1874లో రష్యా ప్రభుత్వము అందరికి సైనిక సేవను తప్పనిసరి చేసేసరికి ఆ మాట చెల్లని కాసైపోయింది. ఆ దశాబ్దములో సుమారు 18,000 మంది మెన్నొనైట్లు ఇండ్లు, పొలములు అమ్ముకొని అమెరికా, కెనడా దేశములకు తరలిపోయారు. షెల్లెన్‌బర్గ్ కుటుంబము 1879లో కాన్సాసు చేరింది. అప్పటికి కాథరీనా చిన్న పిల్ల. ఊరు విడిచి, సముద్రము దాటి, భాష తెలియని చోట బ్రతుకుట అంటే ఏమిటో ఆమె బాల్యములోనే చవి చూశారు.

తండ్రి అబ్రాహాము షెల్లెన్‌బర్గ్ సంఘ పెద్ద. మెన్నొనైట్ బ్రదరెన్ సంఘములలో ఆయన మాటకు బరువుండేది. తల్లి మాత్రము కాథరీనా చిన్నతనములోనే మరణించారు. పెద్ద కుటుంబము, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. పల్లెటూరి వ్యవసాయపు ఇంట ఆ వయసు ఆడపిల్ల మీద ఎంత పని పడుతుందో మన తల్లులకు నేను చెప్పనక్కరలేదు. చదువు ఆలస్యమైనది. వైద్య పట్టా చేతికి వచ్చేసరికి ఆమె వయస్సు ముప్పది ఆరు సంవత్సరములు.

ఆ పట్టాను గూర్చి ఒక మాట. ఆమె చదివినది కాన్సాసు సిటీలో, హోమియోపతి వైద్య కళాశాలలో. మనకు హోమియోపతి అనగానే తియ్యని చిన్న మాత్రలు గుర్తుకు వస్తాయి. ఆ కాలపు అమెరికా హోమియోపతి కళాశాలలలో శరీర నిర్మాణము, శస్త్ర చికిత్స, ప్రసూతి వైద్యము కూడ నేర్పేవారు. పట్టా ఎం.డి. అనే ఇచ్చేవారు. తరువాత 1910లో ఫ్లెక్స్‌నర్ అను ఆయన అక్కడి వైద్య విద్యాలయములన్నిటిని పరిశీలించి కఠినమైన నివేదిక వ్రాయగా, అటువంటి కళాశాలలు ఒకటొకటిగా మూతపడినాయి. కాథరీనా అంతకు మూడు సంవత్సరములు ముందే, 1907లో, చదువు ముగించి అదే యేడు ఇండియాకు బయలుదేరారు. మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ పంపిన మొదటి డాక్టరు ఈమెయే.

మెన్నొనైట్లకు మన నేలతో పరిచయము అంతకు ముందే ఉన్నది. రష్యా మెన్నొనైట్ అయిన అబ్రాహాము ఫ్రీసన్, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి, 1890 ప్రాంతములో నల్లగొండలో పని ప్రారంభించారు. అమెరికాలోని వారి సహోదరులు ఆ వార్తలు విని 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులను హైదరాబాదుకు పంపారు. హీబర్ట్‌గారు రెండేండ్లు తిరక్కుండానే జబ్బుపడి వెనుకకు పోవలసి వచ్చింది. ఆ రోజులలో తెల్లవారి శ్మశానములలో పసిపిల్లల సమాధులు ఎన్ని ఉండేవో పాత మిషన్ కంపౌండ్లు చూసినవారికి తెలుసు. పంపే సంఘములకు అప్పుడు ఒక సంగతి బోధపడింది. డాక్టరు లేనిదే బోధకుడు సహా నిలువడు. డాక్టరును పంపుటలో ఊరి రోగుల మీది కనికరము ఎంత ఉన్నదో, తమ వారి ప్రాణముల చింత కూడ అంతే ఉన్నదని నేను అనుకుంటాను. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

కాథరీనా వచ్చేనాటికి మన జిల్లాలు మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో ఉన్నాయి. మహబూబ్‌నగర్ పేరు ఆయన పేరే. ఆ పట్టణమునకు రైలు మార్గము 1916లో గాని రాలేదు. నాగర్‌కర్నూలుకు, దేవరకొండకు అసలే లేదు. హైదరాబాదు నుండి నూరు కిలోమీటర్లకు పైగా ఎద్దుల బండి మీద, రాళ్ళ బాటల వెంట పోవలసిందే. నాలుగైదు రోజులు పట్టేది. వానకాలములో దుందుభి వాగు పొంగితే ఇంకెన్ని రోజులో!

వచ్చీ రాగానే మందుల పెట్టె తెరిచి కూర్చుండుట మిషన్ల పద్ధతి కాదు. కొత్తగా వచ్చినవారు డాక్టరైనా, ఉపాధ్యాయిని అయినా, మున్షీ దగ్గర కూర్చుండి తెలుగు నేర్చుకొని పరీక్ష ఇయ్యవలసినదే. మొదటి సంవత్సరము ఒక పరీక్ష, రెండవ సంవత్సరము ఒకటి. కాథరీనాకు ఇంటిలో జర్మన్ మాండలికము, ఆరాధనలో గ్రంథ జర్మన్, బడిలో ఇంగ్లీషు. ముప్పది ఏడవ యేట తెలుగు నాలుగవది అయినది. మున్షీ నేర్పేది పుస్తకపు తెలుగు. శిరోబాధ, ఉదర వ్యాధి, జ్వర పీడ. మన పాలమూరు తల్లి వచ్చి చెప్పేది వేరు. పానం మంచిగ లేదంటుంది. కడుపుల గుంజుతాందంటుంది. జరమొచ్చిందంటుంది. కలరాను గత్తర అంటుంది, మశూచిని పోచమ్మ తల్లి అంటుంది. పానం మంచిగ లేదన్న ఒక్క మాటలో జ్వరమైనా ఉండవచ్చు, గర్భమైనా ఉండవచ్చు, అల్లుడు కొట్టిన బిడ్డను గూర్చిన దిగులైనా ఉండవచ్చు. ఆ తేడా వినగలిగిన చెవి సంపాదించుటకు ఎన్ని సంవత్సరములు పడుతుంది? రెండు పరీక్షలతో అయ్యే పని కాదు.

మన దగ్గరకు వచ్చే విద్యార్థి బృందములను చూసినప్పుడు నాకు ఈ సంగతి జ్ఞాపకము వస్తుంది. వారి మంచి మనస్సును నేను శంకించుట లేదు. ఒక శిబిరములో నేను దుబాసీగా నిలుచున్నాను. ఒక పెద్దమ్మ తన బాధను చాలాసేపు చెప్పింది. నేను రెండు వాక్యములలో ఇంగ్లీషు చేశాను. విద్యార్థిని ఒక వాక్యము వ్రాసుకున్నది. పది దినములకు రక్తపోటు మాత్రలు ఇచ్చారు. బృందము వెళ్ళిపోయిన నెల దాటి ఆ పెద్దమ్మ ఇంటికి వెళితే, మాత్రల అట్ట గూటిలో భద్రముగా ఉన్నది. సగము మాత్రలు అలాగే ఉన్నాయి. మంచి మందు, అమెరికా మందు, తల బాగా తిరిగినప్పుడు వేసుకొనుటకు దాచుకున్నానని చెప్పింది. ఆ మందు ప్రతి దినము, బహుశా జీవితాంతము వేసుకోవలసినదని ఆమెకు ఎవరూ అర్థమయ్యేటట్లు చెప్పలేదు. చెప్పినా, పదకొండవ రోజున మాత్ర ఎక్కడ దొరుకుతుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రము అక్కడికి రెండు మైళ్ళలో ఉన్నది. శిబిరము వారికి ఆ సంగతి తెలియదు, అడగనూ లేదు.

తిరిగి మన డాక్టరమ్మ దగ్గరకు వద్దాము. నాగర్‌కర్నూలులో, ఆ పిమ్మట దేవరకొండలో ఆమె పని చేశారు. ఆ నాటి వ్యాధులను తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. గత్తర, ప్లేగు, మశూచి, మలేరియా, పాము కాటు, తేలు కాటు. చేతిలో ఉన్నవి క్వినైను, అయోడిను, కార్బాలిక్ ఆమ్లము, బావులలో కలుపుటకు పర్మాంగనేటు. పెనిసిలిను మన పల్లెలకు చేరినది ఆమె మరణించిన తరువాతే. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా ఒక్క ఇండియాలోనే కోటి మందికి పైగా పొట్టన పెట్టుకున్నది. వెంటనే కరువు కూడ వచ్చింది. ఆ సంవత్సరములను దాటి వచ్చిన డాక్టరుకు, పుస్తకములో చదివిన వైద్యము ఒకటి, బ్రతుకుట మరొకటి అని తెలిసి ఉంటుంది.

వ్యాధులన్నిటిలో నారి కురుపును గూర్చి కొంచెము వివరముగా చెప్పాలి. ఈ తరము పిల్లలకు ఆ పేరే తెలియదు. మన మెట్ట ఊళ్ళలో మెట్లు దిగి నీళ్ళు ముంచుకొనే దిగుడు బావులు ఉండేవి. ఆ నీళ్ళలో కంటికి కనబడీ కనబడని చిన్న పురుగులు, వాటి లోపల నారి పురుగు పిల్లలు. ఆ నీరు త్రాగిన మనిషికి ఆ రోజు ఏమీ కాదు. ఆ నెలలోను ఏమీ కాదు. సుమారు ఒక సంవత్సరము గడచిన తరువాత కాలి మీద బొబ్బ లేచి, మంట పుట్టి, అది పగిలి తెల్లని దారము వంటి పురుగు తల బయట పెడుతుంది. మూడడుగుల వరకు పొడవుంటుంది. దానిని చిన్న పుల్లకు చుట్టి దినమునకు కొంచెము చొప్పున, వారముల తరబడి లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలు చీము పట్టి మనిషి మంచము పడతాడు. మంట చల్లారాలని రోగి ఆ కాలిని మళ్ళీ అదే బావి నీళ్ళలో పెడతాడు. పురుగు తన పిల్లలను వేలకొలది ఆ నీటిలో వదులుతుంది. వచ్చే సంవత్సరమునకు విత్తనము పడినట్లే.

ఈ వ్యాధిని అర్థము చేసుకొనుటకు ఒక డాక్టరు అదే ఊరిలో కనీసము రెండు ఎండకాలములు ఉండాలి గదా! మూడు వారములకు వచ్చినవాడు పురుగును చూస్తాడు, బావిని చూడడు. కట్టు కట్టిన కాలును ఫోటో తీసుకొని పోతాడు. చివరకు నారి కురుపును మన దేశము నుండి తరిమినది ఏ మందూ కాదు. 1980లలో ప్రారంభమైన ప్రభుత్వ కార్యక్రమము క్రింద దిగుడు బావులను పూడ్చి, గట్టు కట్టి, చేతి పంపులు వేసి, నీళ్ళు గుడ్డతో వడగట్టుమని ఇంటింటికి తిరిగి చెప్పారు. చివరి రోగి 1996లో కనబడినాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఆ వ్యాధి లేని దేశముగా ప్రకటించింది. నల్లగొండ ఫ్లోరైడు కథ కూడ ఈ మాదిరిదే. వంకర పోయిన ఎముకలను ఏ శిబిరమూ సరిచేయలేదు. పటిక, సున్నము వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరు పరిశోధన సంస్థ వారు 1970లలో రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు ప్రపంచమంతట నిలిచింది. మన కష్టము పేరుతో ఇతర దేశముల వారు నీరు శుభ్రము చేసుకొన్నారు.

స్త్రీల సంగతి మరి వేరు. ఘోషాలో ఉండే ముసల్మాను స్త్రీలు, పెద్ద కులముల ఇండ్ల స్త్రీలు మగ డాక్టరుకు నాడి సైతము చూపని కాలమది. కాన్పు మంత్రసాని చేతిలో జరగాలి. బిడ్డ అడ్డము తిరిగితే దేవుని మీద భారము. స్త్రీ డాక్టరుకు మాత్రమే ఆ తలుపులు తెరచుకొనేవి, అది కూడ ఒక్కసారిగా కాదు. మొదట బ్రతికే ఆశ లేని వారిని తెచ్చేవారు. వారిలో ఒకరు బ్రతికితే పక్క ఇంటివారు కొంచెము ముందుగా తెచ్చేవారు. ఈ విధముగా నమ్మకము కాన్పు కాన్పుకు పెరిగేది. ఒక డాక్టరు వెళ్ళిపోయి మరొకరు వస్తే ఆ నమ్మకమును తిరిగి మొదటి నుండి సంపాదించుకోవలసిందే. కాథరీనా పెండ్లి చేసుకొనలేదు. ఆ ఒంటరితనము ఆమెకు బరువుగా ఉండలేదని చెప్పుట అబద్ధమవుతుంది. తెల్లవారిలో తన వృత్తి వారు లేరు, రోగిని గూర్చి సలహా అడుగుటకు మరొక డాక్టరు దరిదాపులలో లేరు.

అదే కాలములో నల్లగొండలో బాప్టిస్టు మిషన్ తరఫున డాక్టర్ లొరీనా బ్రీడ్ పని చేశారు. కాథరీనా వచ్చిన 1907లోనే డాక్టర్ ఇసబెల్ కెర్ భర్తతో కలిసి మన దేశము వచ్చి, నిజామాబాదు పక్కన డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిని నిలబెట్టారు. ఈ ముగ్గురు స్త్రీలు నిజాము రాజ్యపు మూడు మూలలలో వెలిగించిన దీపములు. ఇసబెల్ కెర్ పేరు మన పుస్తకములలో ఉన్నది. మిగిలిన ఇద్దరి పేర్లు ఆ ఊళ్ళలో కూడ మరచిపోతున్నారు.

నిజము చెప్పాలంటే ఈ సేవలో ఒక లోపము కనబడుతుంది. అది కాథరీనా లోపమనుకంటె పంపినవారి లోపమనుట న్యాయము. వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించారు. తన తరువాత చేయవలసినవారిని ముందే తయారు చేశారు. మన మెట్ట సీమలో ఒక మిషన్ వైద్య సేవ అంతా ఒక్క స్త్రీ దేహము మీద ఆధారపడి నడిచింది. సహాయకులకు కట్లు కట్టుట, మందు కలుపుట నేర్పవచ్చును. డాక్టరును తయారు చేయుటకు కళాశాల కావాలి, ధనము కావాలి. మొదటి ప్రపంచ యుద్ధములో ఓడలు ఆగిపోయాయి. రష్యా విప్లవముతో అక్కడి మెన్నొనైట్ల కానుకలు నల్లగొండకు రాకుండ పోయాయి. 1930లలో అమెరికాలో ఆర్థిక మాంద్యము వచ్చి మిషన్ల ఖజానాలు ఎండిపోయాయి. కాన్సాసు రైతు గోధుమ ధర పడిపోతే దేవరకొండలో మందు సీసా ఖాళీ అయ్యేది.

మరొక సంగతి. ఆ నాటి మిషన్ దవాఖానాలలో మందు ఇచ్చే ముందు వాక్యము చెప్పుట ఆచారము. రోగి వినక తప్పని స్థితిలో కూర్చుండి వినేవాడు. గురువునైన నాకే అది పూర్తిగా సమ్మతము కాదు. పది మంది కుష్ఠు రోగులను ప్రభువు స్వస్థపరచినప్పుడు తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే. మిగిలిన తొమ్మిది మంది స్వస్థతను ఆయన వెనుకకు తీసుకొనలేదు. నేడు బయటి నుండి వచ్చే బృందములు కొన్ని శిబిరమును, కూటమును ఒకే పందిరి క్రింద పెట్టమని అడుగుతున్నవి. కమిటీ పెద్దలు ఈ విషయము ఆలోచించాలి.

అయితే కొద్ది కాలమునకు వచ్చేవారిని రావద్దనవలెనా? నేను ఆ మాట అనను. శుక్లము తీసే కంటి డాక్టరు, గ్రహణపు మొర్రి కుట్టే సర్జను వారము రోజులలో మనిషి జీవితమును మార్చగలరు, తరువాత కట్టు విప్పి చూసేవారు ఇక్కడ ఉన్నట్లయితే. మన నర్సులకు కొత్త పద్ధతి నేర్పి పోయేవారు, సెలవు దొరకని మన డాక్టరు స్థానములో నెల రోజులు నిలిచి ఆయనను ఇంటికి పంపేవారు మేలు చేస్తున్నారు. విద్యార్థుల సంగతి వేరుగా చెప్పాలి. వారు నేర్చుకొనుటకు వస్తున్నారు. వేలూరు వంటి చోట్ల విదేశ విద్యార్థులను ఆ విధముగానే చేర్చుకొని, మన అధ్యాపకుల పక్కన నిలబెట్టి నేర్పుతారు. పల్లెకు వచ్చేసరికి మాత్రము తెల్ల కోటు చూసి మనమే డాక్టరుగారూ అని పిలిచి, వారి దేశములో చేయనివ్వని పనిని ఇక్కడ చేయనిస్తాము. విదేశ డాక్టరు మన దేశములో వైద్యము చేయాలంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలని 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టము చెబుతున్నది. ఇక పట్టా రాని విద్యార్థి తనంతట తాను చికిత్స చేయనేరాదు. పేదవాని శరీరము ఎవరికీ అభ్యాసపు పలక కాదు.

కాథరీనా చివరి కాలములో షంషాబాదుకు వచ్చారు. హైదరాబాదుకు దగ్గర, పాలమూరు బాట మీద ఉన్న ఆ ఊరిలో మిషన్ దవాఖానాను నడిపారు. అరువది దాటిన వయస్సు. తండ్రి 1920లోనే మరణించారు. పుట్టిన ఊరు విప్లవములో చెదిరిపోయింది. మొలోచ్నాలో మిగిలిన ఆమె జాతి వారిలో చాలామందిని రెండవ ప్రపంచ యుద్ధకాలములో బలవంతముగా తూర్పునకు తరలించారు. కాన్సాసులో తోడబుట్టినవారు ముసలివారవుతున్నారు. సముద్రము మీద మళ్ళీ యుద్ధము. ఆ యుద్ధము ముగియకముందే, 1945 జనవరి 1వ తేదీన, నూతన సంవత్సర దినమున, షంషాబాదులోనే ఆమె కన్ను మూశారు. డెబ్బది నాలుగు సంవత్సరములు. అందులో సగము మన మధ్య గడచినవి.

1950ల తొలి సంవత్సరములలో మెన్నొనైట్ బ్రదరెన్ వారు జడ్చర్లలో పెద్ద ఆసుపత్రి కట్టారు. మహబూబ్‌నగర్‌కు రైలులో పోయేవారు దిగగల చోటు అది. బాటలు కలిసే చోటు కూడ. మొదట విదేశ డాక్టర్లు, పిమ్మట మన దేశపు డాక్టర్లు దానిని నడిపారు. కాన్పులకు, శస్త్ర చికిత్సలకు చుట్టుపక్కల ఊళ్ళ నుండి బండ్లు కట్టుకొని వచ్చేవారు. జడ్చర్లలో ప్రాణము దక్కిందని చెప్పే కుటుంబములు మన సంఘములలో కూడ ఉన్నాయి. వారి పెద్దలను అడిగి చూడండి. వారిలో కొందరి తల్లులు అంతకు ముందు షంషాబాదుకో, దేవరకొండకో పోయి ఉంటారు.